మొదటి కంప్యూటర్ ఏది? వేగం కాదు, మెమరీ చూడండి

మీ సందేహం ఇది: పోటీ పరీక్షల పుస్తకంలో మొదటి కంప్యూటర్ ఎనియాక్ అని ఉంది. ఒక వీడియోలో జర్మనీవాళ్ల జడ్3 అని చెప్పారు. ఇంకోచోట ఎనియాక్ కాదని అమెరికాలో కోర్టు తీర్పే వచ్చిందని చదివారు. బ్రిటిష్‌వాళ్లేమో కొలోసస్ అంటారు. ఇందులో ఎవరిది నిజం?

అందరిదీ నిజమే. ఎవరికి వాళ్లు తమకు పనికొచ్చే విశేషణం ఒకటి తగిలించుకున్నారు, అంతే. 'మొదటి ఎలక్ట్రానిక్' అంటే ఒకటి, 'ప్రోగ్రామ్‌తో నడిచిన మొదటి' అంటే ఇంకొకటి, 'ఏ లెక్కకైనా పనికొచ్చే మొదటి ఎలక్ట్రానిక్' అంటే మరొకటి. నేను కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠం చెప్పేవాణ్ని, ఈ ప్రశ్న ఏటా వస్తుంది. విశేషణాలన్నీ పక్కనపెట్టి నా మాట అడిగితే, 1948 జూన్ 21న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో నడిచిన ఒక చిన్న యంత్రం పేరు చెబుతాను. పరీక్షలో దాని పేరు రాస్తే మార్కు రాదు, ఆ సంగతి చివర్లో చూద్దాం.

ఎందుకు ఆ యంత్రం అంటే, మామూలుగా ఈ చరిత్రను వేగం కథగా చెబుతారు: చక్రాలు పోయి రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు) వచ్చాయి, రిలేలు పోయి వాల్వులు (కదిలే భాగాలు లేని గాజు గొట్టాల ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) వచ్చాయి, వేగం పెరిగింది. అది సగం కథే. వేగంగా లెక్క చేయడం ఇంజనీర్లకు త్వరగానే చేతికొచ్చింది. చేసిన లెక్కను, చేయాల్సిన ఆదేశాలను ఎక్కడ పెట్టుకోవాలన్నదే వాళ్లను ఏళ్ల తరబడి ఏడిపించింది. అందుకని ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి, దాని మెమరీ ఎక్కడుంది, అందులో ఏం పెడతారు అని అడుగుదాం.

ఇంగ్లండ్ గణితవేత్త చార్లెస్ బాబేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగను. 1822లో ఆయన గణిత పట్టికలు లెక్కగట్టే డిఫరెన్స్ ఇంజన్ ప్రతిపాదించాడు. బ్రిటిష్ ప్రభుత్వం 17 వేల పౌండ్లకు పైగా పోసింది. 1833లో దాన్ని తయారు చేస్తున్న జోసెఫ్ క్లెమెంట్‌తో గొడవ పడి పని ఆగిపోయింది. ఆ కాలంలో లోహపు పని అంత కచ్చితంగా చేయడం రాదు కాబట్టే అది పూర్తి కాలేదని చాలామంది రాస్తారు. నాకు అది నమ్మబుద్ధి కాదు. లండన్ సైన్స్ మ్యూజియంవాళ్లు బాబేజ్ గీసిన డిఫరెన్స్ ఇంజన్ నంబర్ 2ను, ఆ రోజుల్లో సాధ్యమైన కొలతల కచ్చితత్వానికే కట్టుబడి, 1991లో కట్టారు. 31 అంకెల లెక్కలు చక్కగా చేసింది. అంటే బాబేజ్‌ను దెబ్బతీసింది డబ్బు, మొండితనం, ఒకటి పూర్తికాకుండానే ఇంకా మంచిది గీయాలన్న యావ.

1830ల్లో ఆయన గీసిన రెండో యంత్రం అనలిటికల్ ఇంజన్. మనకు కావలసింది అదే. అందులో లెక్క చేసే భాగం వేరు, దాని పేరు మిల్లు. సంఖ్యలు దాచే భాగం వేరు, దాని పేరు స్టోర్. మనం ప్రాసెసర్, మెమరీ అని విడదీసే పని ఆయన అప్పుడే చేసేశాడు. స్టోర్‌లో వెయ్యి దాకా పెద్ద సంఖ్యలు పట్టాలని ఆశ, అదీ పళ్ల చక్రాలతో. ఆదేశాలు మాత్రం స్టోర్‌లో ఉండవు. జకార్డ్ మగ్గంలో చీర అంచుకు డిజైన్ ఇచ్చినట్టు, పంచ్ కార్డుల వరుస మీద ఉంటాయి. 1843లో అడా లవ్‌లేస్ బెర్నూలీ సంఖ్యలు కట్టే పద్ధతిని ఈ యంత్రం కోసమే మెట్టుమెట్టుగా రాసింది. యంత్రం పుట్టనేలేదు, దానికి ప్రోగ్రామ్ మాత్రం అచ్చయింది.

అక్కడినుంచి దాదాపు వందేళ్లు దాటేద్దాం. బెర్లిన్‌లో కొన్రాడ్ త్సూజే అనే కుర్ర ఇంజనీరు, విమానాల లెక్కలు చేసీ చేసీ విసుగొచ్చి, అమ్మానాన్నల ఇంట్లోనే మొదటి యంత్రం కట్టాడు. 1938 నాటి ఆ జడ్1లో మెమరీ అంటే జరిగే సన్నటి లోహపు రేకులు. తరచుగా ఇరుక్కుపోయేది. 1941 మే 12న చూపించిన జడ్3లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రకం రిలేలు రెండు వేలకు పైగా ఉన్నాయి. ద్విసంఖ్యామానం (0, 1లతోనే లెక్క), ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ బిందువును జరుపుకుంటూ చాలా పెద్ద, చాలా చిన్న సంఖ్యలు రాసే పద్ధతి), 64 సంఖ్యల మెమరీ, అన్నీ ఉన్నాయి. ఆదేశాలు సినిమా రీలుకు చిల్లులు పొడిచి అందులో పెట్టాడు. 1943లో బాంబు దాడిలో అది పోయింది. 'ప్రోగ్రామ్‌తో తనంతట తాను నడిచిన మొదటి యంత్రం' అన్న బిరుదు జడ్3కి ఇవ్వడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కానీ గమనించండి, ఆదేశాలు ఇంకా బయటే, రీలు మీదే ఉన్నాయి. అమెరికాలో 1944లో వచ్చిన హార్వర్డ్ మార్క్ 1లోనూ అంతే, కాగితం టేపు మీద. దాంతో ఇబ్బంది కూడా ఏమీ లేదు, ఎందుకంటే ఆ యంత్రం సెకనుకు మూడు కూడికలు చేసేది. టేపు ఆ మాత్రం వేగంతో హాయిగా జరుగుతుంది. లెక్క వేగం ఒక్కసారిగా వెయ్యి రెట్లు పెరిగితే టేపు ఏం కావాలి? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, అసలు చిక్కు అదే.

ఇక కోర్టు తీర్పు విషయం. అయోవా స్టేట్ కాలేజీలో జాన్ అటనాసాఫ్ ఫిజిక్స్ ప్రొఫెసర్. 1937 చలికాలంలో ఒకరాత్రి చిరాకుగా కారేసుకుని ఎటో వెళ్లిపోయి, రాష్ట్రం దాటి ఇల్లినాయ్‌లో ఒక దారిపక్క బార్‌లో కూర్చున్నప్పుడు యంత్రం రూపం తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. తన విద్యార్థి క్లిఫర్డ్ బెర్రీతో కలిసి 1939 నుంచి 1942 దాకా కట్టాడు. దాదాపు 300 వాల్వులు. 29 దాకా చరరాశులున్న ఏకఘాత సమీకరణాలు సాధించడానికి ఉద్దేశించింది. ఆ ఒక్క పనికి తప్ప ఇంకో పనికి పనికిరాదు. ఫలితాలు కార్డుల మీద రాసి మళ్లీ చదివే భాగం ఎప్పుడూ నమ్మకంగా పనిచేయలేదు.

అయినా ఈ యంత్రంలోని మెమరీని నేను క్లాసులో తప్పకుండా చూపిస్తాను. ఒక తిరిగే డ్రమ్ము, దాని నిండా విద్యుత్ చార్జ్ నిలవ చేసే చిన్న చిన్న కెపాసిటర్లు. 30 సంఖ్యలు, ఒక్కోదానికి 50 బిట్లు (బిట్ అంటే 0 లేదా 1). కెపాసిటర్‌లో చార్జ్ చిల్లు కుండలో నీళ్లలాంటిది, ఉండదు, కారిపోతుంది. అందుకని డ్రమ్ము సెకనుకోసారి తిరిగినప్పుడల్లా ఉన్నది చదివి, కారిపోయిన మేరకు యంత్రం మళ్లీ నింపేది. మీ ఫోన్‌లో ఉన్న డీర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే ర్యామ్ మెమరీలో ఒక రకం) కూడా చిన్న కెపాసిటర్లే, వాటినీ ఇలాగే నింపుతూ ఉండాలి. సెకనుకోసారి సరిపోదు, మామూలుగా 64 మిల్లీసెకన్ల లోపే నింపాలి. ఉపాయం మాత్రం అదే. 'ర్యామ్ రిఫ్రెష్' అని పాఠంలో చదివేటప్పుడు ఇది 1939 నాటి ఆలోచన అంటే పిల్లలు నమ్మరు.

1941 జూన్‌లో జాన్ మాక్లీ అనే మరో ప్రొఫెసర్ అయోవా వచ్చి, అటనాసాఫ్ ఇంట్లో కొన్నాళ్లు ఉండి, ఆ యంత్రాన్ని చూసి వెళ్లాడు. తర్వాత ప్రెస్పర్ ఎకర్ట్ అనే ఇంజనీరుతో కలిసి ఎనియాక్ కట్టింది ఈ మాక్లీయే. వాళ్ల పేటెంట్ మీద హనీవెల్, స్పెర్రీ రాండ్ కంపెనీలు కోర్టుకెక్కాయి. 1973 అక్టోబర్ 19న జడ్జి ఎర్ల్ లార్సన్ పేటెంట్ చెల్లదన్నాడు, ఆలోచన అటనాసాఫ్ దగ్గరినుంచి వచ్చిందన్నాడు. మర్నాడే వాటర్‌గేట్ గొడవలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తీసేయించాడు. పేపర్లన్నీ దాని మీద పడ్డాయి, ఈ తీర్పు మూలన పడింది. కోర్టు తేల్చింది పేటెంట్ సంగతి. ఏ లెక్కకైనా పనికొచ్చే యంత్రం కట్టిన ఘనత ఎకర్ట్, మాక్లీలదే అన్నది దానితో మారదు.

కొలోసస్ గురించి రెండు తప్పులు దిద్ది ముందుకు వెళ్దాం. ఒకటి, అది జర్మన్ల ఎనిగ్మా యంత్రం సంకేతాలు విప్పడానికి కాదు. హిట్లర్ సైన్యంలో పైస్థాయి వాళ్లు వాడిన లోరెంజ్ సంకేతాల కోసం. రెండు, దాన్ని కట్టింది బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ కాదు, బ్రిటన్ పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పనిచేసే టామీ ఫ్లవర్స్. వాల్వులు ఊరికే మాడిపోతాయి, వందల వాల్వులు ఒకేసారి నడవవు అని అందరూ భయపడుతుంటే, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల అనుభవంతో ఆయనకు ఒక సంగతి తెలుసు: స్విచ్ వేస్తూ ఆపుతూ ఉంటేనే వాల్వులు పోతాయి, ఆపకుండా నడిపితే ఉంటాయి. దాదాపు 1,600 వాల్వులతో కట్టిన మొదటి యంత్రం 1944 ఫిబ్రవరిలో పనిలోకి దిగింది. సెకనుకు 5,000 అక్షరాలు టేపు మీదినుంచి చదివేది. యుద్ధం ముగిసేనాటికి పది అయ్యాయి. తర్వాత వాటిలో చాలావరకు విప్పేశారు, కాగితాలు కాల్చేశారు, 1970ల దాకా నోరు విప్పనివ్వలేదు. ఫ్లవర్స్‌కు 1,000 పౌండ్ల బహుమానం ఇచ్చి సరిపెట్టారు. ప్రపంచంలో పెద్ద ఎత్తున ఎలక్ట్రానిక్ లెక్కింపు చేసిన మొదటి మనిషి, తానేం చేశాడో చెప్పుకోవడానికే లేకుండా పోయింది. కొలోసస్‌లోనూ ప్రోగ్రామ్ అంటే స్విచ్‌లు, ప్లగ్గులే.

ఇప్పుడు ఎనియాక్. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్ల మూర్ స్కూల్. ఫిరంగి గుండ్ల దారి లెక్కగట్టే పట్టికల కోసం సైన్యం డబ్బు పెట్టింది. సుమారు 18,000 వాల్వులు, 30 టన్నుల బరువు. 1946 ఫిబ్రవరిలో పత్రికలకు చూపించారు. సెకనుకు 5,000 కూడికలు. ఒక గుండు దారి చేత్తో లెక్కగట్టడానికి ఇరవై గంటలు పడితే, ఇది అర నిమిషంలో తేల్చేది. దీన్ని స్విచ్ వేస్తే ఊళ్లో లైట్లు మసకబారేవని మన పుస్తకాల్లోనూ రాస్తారు, అది కట్టుకథ.

ఇక్కడే ఇందాకటి టేపు చిక్కు వచ్చి పడింది. సెకనుకు 5,000 కూడికలు చేసే యంత్రానికి ఒక్కొక్క ఆదేశాన్నీ టేపు మీదినుంచి చదివి ఇస్తే, యంత్రం ఎక్కువసేపు టేపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మెమరీలో పెడదామా అంటే అందులో పట్టేది పదేసి అంకెల సంఖ్యలు ఇరవై మాత్రమే. ఇక మిగిలిన దారి ఒక్కటే, ప్రోగ్రామ్‌ను తీగలతో అల్లేయడం. ఈ యూనిట్ పని ముగించగానే కరెంటు పల్స్ ఏ కేబుల్ గుండా ఏ యూనిట్‌కు వెళ్లాలో చేత్తో ప్లగ్గులు పెట్టాలి, వేల స్విచ్‌లు తిప్పాలి. ఆ పని చేసినవాళ్లు ఆరుగురు అమ్మాయిలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్లకు మాన్యువల్ అంటూ ఏదీ లేదు, సర్క్యూట్ల బొమ్మలు చూసి యంత్రాన్ని అర్థం చేసుకున్నారు. ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మార్చడానికి రోజులు పట్టేది, లెక్క మాత్రం నిమిషాల్లో అయిపోయేది. ఆవిష్కరణ రోజు ఘనతంతా యంత్రానికీ దాన్ని కట్టిన మగవాళ్లకూ దక్కింది. వీళ్ల పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఎనియాక్ పూర్తికాకముందే ఎకర్ట్, మాక్లీలకు ఈ లోపం తెలుసు. తర్వాతి యంత్రం ఎడ్‌వాక్‌లో ఆదేశాల్ని కూడా సంఖ్యలుగా మార్చి మెమరీలోనే పెట్టాలన్న ఆలోచన ఆ బృందంలో అప్పటికే నలుగుతోంది. గణిత దిగ్గజం ఫాన్ నాయ్‌మన్ ఆ చర్చల్లో చేరి, అంతా చక్కగా పేర్చి 1945లో ఒక నివేదిక ముసాయిదా రాశాడు. సైన్యం తరఫున ఉన్న గోల్డ్‌స్టైన్ దాన్ని నాయ్‌మన్ ఒక్కడి పేరుతోనే పంచిపెట్టాడు. అందుకే ఈ రోజుకీ సిలబస్‌లో 'ఫాన్ నాయ్‌మన్ ఆర్కిటెక్చర్' అని ఉంటుంది. ఎకర్ట్, మాక్లీలు ఆ మంట ఎప్పటికీ మరిచిపోలేదు. నన్నడిగితే వాళ్ల కోపం న్యాయమే, కానీ ఆ ముసాయిదా అంత స్పష్టంగా ఉండబట్టే ఆలోచన సముద్రాలు దాటింది. కేంబ్రిడ్జ్‌లో మారిస్ విల్క్స్ చేతికి 1946లో ఆ కాపీ ఒక్క రాత్రికి అరువుగా దొరికింది. జిరాక్స్ లేని రోజులు, తెల్లవార్లూ కూర్చుని చదివాడు.

ఆలోచన బాగుంది. మరి ఆ మెమరీ దేనితో చేయాలి? వేల బిట్లు పట్టాలి, ఎలక్ట్రానిక్ వేగానికి అందాలి, కొనగలిగేలా ఉండాలి. యుద్ధంలో రాడార్ మీద పనిచేసినవాళ్ల దగ్గర రెండు ఉపాయాలున్నాయి. మొదటిది పాదరసం గొట్టం. ఒక చివర బిట్లను శబ్ద తరంగాలుగా పంపితే, మీటరున్నర గొట్టం దాటడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ కాసేపూ బిట్లు దారిలో ఉన్నట్టే, అంటే దాచినట్టే. రెండో చివర అందుకుని మళ్లీ మొదటి చివరకు పంపుతూ ఉంటే సరి. విల్క్స్ తన ఎడ్‌శాక్‌లో ఇదే వాడాడు. పాదరసం ఎందుకు, ఆల్కహాలూ నీళ్లూ సరైన పాళ్లలో ఉన్న జిన్ చాలదా అని ట్యూరింగ్ అన్నాడట.

రెండో ఉపాయం మాంచెస్టర్‌వాళ్లది. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ పాత టీవీల్లో ఉండేలాంటి పిక్చర్ ట్యూబ్ తీసుకున్నారు. తెర మీద ఎలక్ట్రాన్ పుంజం ఒక చుక్క పెడితే అక్కడ కాస్త చార్జ్ నిలుస్తుంది. సెకనులో కొద్ది భాగమే ఉంటుంది. ఆ లోపే చదివి తిరిగి పెట్టాలి, అటనాసాఫ్ డ్రమ్ము లాగే. దీనికి పాదరసం గొట్టం మీద ఒక పెద్ద మెరుగు ఉంది: గొట్టంలో మీకు కావలసిన బిట్ రెండో చివరకు వచ్చేదాకా కాచుకోవాలి, తెర మీద ఏ చుక్కనైనా నేరుగా వెళ్లి చదవొచ్చు. ర్యామ్‌లో ఉన్న సుఖం ఇదే.

ఈ తెర నిజంగా కంప్యూటర్ వేగాన్ని తట్టుకుంటుందా అని పరీక్షించడానికే ఒక చిన్న యంత్రం కట్టారు, ముద్దుపేరు 'బేబీ'. 550 వాల్వులు, ఏడే ఏడు ఆదేశాలు, మెమరీలో 32 పదాలు, ఒక్కోటి 32 బిట్లు. అంటే మొత్తం 128 బైట్లు. అందులోనే ప్రోగ్రామూ, అంకెలూ రెండూ ఉండాలి.

సర్క్యూట్ మిగల్చడానికి కూడిక ఆదేశం కూడా పెట్టలేదు. తీసివేత ఉంది, ఒక సంఖ్యను గుర్తు మార్చి తెచ్చుకునే ఆదేశం ఉంది. మరి 5కు 3 కలపాలంటే? 5ను గుర్తు మార్చి తెచ్చుకోవాలి, మైనస్ 5 వస్తుంది. అందులోంచి 3 తీసేయాలి, మైనస్ 8. దాన్ని మెమరీలో దాచి, మళ్లీ గుర్తు మార్చి తెచ్చుకుంటే 8. నాలుగు ఆదేశాలతో కూడిక అయిపోయింది. క్లాసులో ఇది పిల్లలతోనే చేయిస్తాను, రెండు నిమిషాలు బుర్ర గోక్కుని తర్వాత నవ్వుతారు.

1948 జూన్ 21న దీని మీద నడిచిన ప్రోగ్రామ్‌లో 17 ఆదేశాలు. కిల్‌బర్న్ రాసింది. 2ను 18 సార్లు వేసి గుణిస్తే వచ్చే 2,62,144కు, ఆ సంఖ్య కాకుండా, అతి పెద్ద భాజకం ఏది అన్నది లెక్క. జవాబు అందరికీ ముందే తెలుసు, సగం, అంటే 1,31,072. కానీ యంత్రం దొడ్డిదారి తొక్కకూడదు. 2,62,143 నుంచి ఒక్కో సంఖ్యే తగ్గించుకుంటూ వచ్చి, భాగహారం లేదు కాబట్టి తీసివేతలతోనే ప్రతిదాన్నీ పరీక్షించాలి. 52 నిమిషాల్లో దాదాపు 35 లక్షల ఆదేశాలు నడిచాయి. అంతకుముందు ప్రయత్నాల్లో తెర మీద చుక్కలు పిచ్చిగా చిందులేసి ఎటూ కాకుండా పోయేవట. ఆ రోజు చిందు ఆగేసరికి, జవాబు ఉండాల్సిన చోటే మెరుస్తోంది.

మెమరీలో పెట్టిన ప్రోగ్రామ్‌తో ఎలక్ట్రానిక్ యంత్రం నడవడం అదే మొదలు. తీగలు పీకక్కర్లేదు, తెర మీది చుక్కలు మారిస్తే యంత్రం పని మారుతుంది. మీరు ఫోన్‌లో యాప్ వేసుకుంటే జరిగేది అదే కాబట్టి, నా ఓటు బేబీకి. ఎడ్‌శాక్ 1949 మే 6న మొదలైంది. నిజంగా పదిమందికీ లెక్కలు చేసిపెట్టిన మొదటి స్టోర్డ్ ప్రోగ్రామ్ (ప్రోగ్రామ్‌ను మెమరీలో పెట్టుకునే) యంత్రం అది, కాబట్టి ఎవరైనా ఎడ్‌శాక్ అన్నా నేను వాదించను.

మన దేశంలో మొదటి కంప్యూటర్ ఏదన్న దగ్గర కూడా ఇదే తకరారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1955లో బ్రిటన్ నుంచి తెప్పించిన హెచ్‌ఈసీ-2ఎం అంటే దేశంలోకి వచ్చిన మొదటిది. దాని మెమరీ అయస్కాంతపు డ్రమ్ము. ఇక్కడే కట్టింది అంటే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. నరసింహన్ బృందం చేసిన టిఫ్రాక్, 1960లో పూర్తయింది. అప్పటికి పిక్చర్ ట్యూబుల మెమరీ పాతబడింది, టిఫ్రాక్‌లో ఫెర్రైట్ కోర్ (చిన్న అయస్కాంతపు ఉంగరాల) మెమరీ పెట్టారు. తెలుగువాళ్ల వాటా హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ రూపంలో వచ్చింది. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో దాన్ని నిలబెట్టారు. బొంబాయి ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారు చేసి అమ్మింది ఆ సంస్థే. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. హైదరాబాద్‌లో ఏఎస్‌రావు నగర్ ఎవరి పేరు మీద ఉందో తెలియనివాళ్లకు ఈ ముక్క.

ఇక పరీక్ష విషయం. ప్రశ్నలో విశేషణం ఏదో చూడండి. 'మొదటి ఎలక్ట్రానిక్ జనరల్ పర్పస్ డిజిటల్ కంప్యూటర్' అంటే ఎనియాక్ పెట్టండి. ఊరికే 'మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్' అన్నా, ఆప్షన్లలో అటనాసాఫ్-బెర్రీ లేకపోతే ఎనియాకే. 'స్టోర్డ్ ప్రోగ్రామ్' అన్న మాట కనిపించి ఎడ్‌వాక్, ఎడ్‌శాక్ రెండూ ఆప్షన్లలో ఉంటే ఎడ్‌శాక్ పెట్టండి, ఎడ్‌వాక్ ఆలోచన ముందుదే గానీ యంత్రంగా నడిచింది ఎడ్‌శాక్ తర్వాతే. కీలో తప్పుగా ఎడ్‌వాక్ ఇస్తే అభ్యంతరం పెట్టండి, 1949 మే 6 తేదీ రాసి జతచేయండి.